బార్బార్‌ల ఎంకన్న

తొమ్మిదేండ్లాయె మనామల.
ఎన్ని హోటళ్లకు టైల్స్ పరిచిన్నో లెక్క లేదు,
ఒక్క హోటల్ల ఒక్క రాత్రి పండలేదు.
ఇయ్యాల శుక్రవారం,
ఇంటికి పోయేటప్పటికని దాసుకున్న అంగీ తొడిగిన.
బస్సుల లింబాద్రి నా మొకం జూసి
"పెండ్లికొడుకు లెక్కున్నవ్" అన్నడు.
వాని ఒళ్లె సంచి, సంచిల కొబ్బరికాయ,
రెండు ఊదుబత్తులు, అగ్గిపెట్టె.

"పురానా మందిర్, నాలుగు వేలేండ్లది" అన్నడట
క్యాంపుల మలయాళీ ఫోర్‌మన్.
ఆ మాటకే కాయ కొన్నడు వీడు.
ఏ దేవుడో అడగలె.

ఊరి అంచున దిగితే గోపురం లేదు.
ఇనుప జాలి, ఒక బోర్డు,
లోపల తవ్వి ఇడిసిన దిబ్బ.
మా పునాది సైట్లు ఇంతకన్న నయం.

గేటుకాడ కుర్చీల ముసలాయన, మక్కీ అని పేరు,
"టూరిస్ట్?" అని అడిగిండు.
అలవాటుకు నేను బతాకా తీయబోయిన.
లింబాద్రి నా చెయ్యి వట్టి ఆపి
"అవ్, టూరిస్ట్" అన్నడు,
రొమ్ము ఇర్సుకొని.

చెప్పులు ఇడిసినం.
మక్కీ నవ్విండు.
"చప్పల్ పెహెనో సదీక్, అందర్ కోయీ నహీ."
రాయి పెనం లెక్క కాలుతున్నది,
అయినా తొడుక్కోలె.
లోపల ఎవ్వలు లేరని
తొమ్మిదేండ్లల మాకు శానమంది చెప్పిన్రు,
ఎంబసీల, కంపెనీ ఆఫీసుల.

లింబాద్రి బోర్డు మీది ఇంగ్లీషును
ఒక్కో అక్షరం కూడబలుక్కున్నడు.
"ఎన్... కి. ఎన్కి. నీళ్ల దేవుడట."
జెరసేపు ఆగి
"అరె, ఎంకన్ననేరా! మనోడే!"
బోర్డు మీద 'బహుశా' అని గూడ ఉన్నది,
వాడది సదువలె.
రాగి ఎద్దు తలకాయ దొరికిందని బొమ్మ ఏసిన్రు.
"ఎంకన్న గుళ్లె నంది ఎందుకురా?"
"పాతకాలం. కలిసి ఉండేటోళ్లు."

నాకు దేవుడు కనవడలె,
రాయి కనవడ్డది.
మా నాయిన వడ్డెర. కొడిమ్యాల గుట్టల
సమ్మెట పక్కకు వెట్టి
రాయికి చెవి ఆనించి ఇనేటోడు, ఏడ వలుగుతదో.
గుండ్రంగ చెక్కిన రెండు రాళ్లు అతికిన కాడ
వేలు వెట్టి జరిపిన. గోరు దూరలె.
నా టైల్స్ నడుమ మూడు మిల్లీమీటర్ల సందు,
ఇంజనీర్ కొలిచి సంతకం వెడ్తడు.
వీనికి ఎవడు వెట్టిండో.
కూలి ఏమిచ్చిన్రో, ఖర్జూరాలో చేపలో,
ఏ ఊరికెల్లి తోలుకొచ్చిన్రో,
మళ్ల ఊరు జూసిండో లేదో
బోర్డు మీద లేదు.
మూలకు ఒక రాయి వంకరగ కూసున్నది.
అది జూసినంక పాణం నిమ్మలమైంది,
ఆనాడు గూడ ఒకడు జ్వరంతోని డ్యూటీకొచ్చిండు.

మెట్లు దిగితే బాయి.
ఇసుక, ఒక పెప్సి డబ్బ.
మా ఎనకనే దిగిండు మక్కీ.
తన చిన్నప్పుడు ఊరి సుట్టు ఊటలేనట,
తాత సముద్రంల మునిగి
అడుగున ఊరే తీపి నీళ్లు
తోలుసంచిల పట్టుకొచ్చేటోడట.
"అబ్ మాఫీ" అని చెయ్యి తిప్పిండు.
ఆ తిప్పుడు నాకెరుకే,
మూడో బోరు గూడ ఎండిన్నాడు
మా నాయిన గట్లనే తిప్పిండు.

కాయ కొట్టేందుకు లింబాద్రి రాయి ఎతికిండు.
"లా, లా! కెమెరా!" మక్కీ పైకి చూపిండు.
ఊదుబత్తి గూడ వద్దన్నడు.
లింబాద్రి మొకం చిన్నగైంది.
కాయను తిప్పి తిప్పి జూసి
ఎవ్వలకియ్యాల్నో తెల్వక
మక్కీ చేతుల వెట్టిండు.

ఆయన బరువు జూసిండు.
చెవికాడ వెట్టుకొని మెల్లగ ఊపిండు.
మళ్ల ఊపిండు.
"మాయ్" అన్నడు. వాళ్ల బాసల నీళ్లు.

బాయి అడుగున ముగ్గురం
కొంచెంసేపు దాన్నే ఇన్నం.